వెనకాల రైట్ చెప్పే మనిషి

కూర్చోమన్నారు, కూర్చున్నాను. ఎల్బీనగర్ చౌరస్తాలో ఫ్లైఓవర్ కింద, బారికేడ్ పక్కన, డివైడర్ గట్టు మీద. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్న భానుమూర్తిని, నెత్తిన హెల్మెట్టు, ఒంటిమీద పసుపుపచ్చ టీషర్టు, మోచేతుల దాకా గ్రీజు, మూతికి మాస్కు. లాక్‌డౌన్‌లో పొద్దున్న పది దాకానే వదులుతారు, పది దాటింది కాబట్టి నేరస్తుణ్ణి. పది లోపల ఇదే రోడ్డు మీద ఇదే సైకిల్ తొక్కితే ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్న పెద్దమనిషిని, పది కొట్టగానే సమాజానికి ప్రమాదం. ఈ మాయదారి వైరస్ చేతికి గడియారం కట్టుకుని తిరుగుతోంది కాబోలు. "జర నీడకు జరుగుండ్రి సారూ, ఎండ కొడుతుంది," అంటున్నాడు కానిస్టేబుల్. ఛాతీ మీద దశరథ అని పేరుంది. మంచివాడే. మంచివాడు కాబట్టే ఇంకా ఒళ్ళు మండుతోంది, తిట్టడానికి కూడా ఎవరూ దొరకడం లేదు. "బండి అయితే నంబరు కొడతం, మిషన్ తీస్కుంటది. సైకిల్‌కు నంబరు లేకపాయె, ఏం రాయాల్నో నాకు తెల్వదు. ఎస్సై సారు గంటల ఒస్తడు, ఆయన ఎట్ల చెప్తే అట్ల." ఎట్ల చెప్తాడో నాకు తెలుసు. ఎదురుగా పట్టుకున్న బండ్లన్నీ ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. డీసీఎం లారీ వస్తుంది, నలుగురు పట్టుకుని అందులోకి విసురుతారు. నిన్న టీవీలో చూపించారు, చూస్తూ ఇడ్లీ తిన్నాను కూడా. అందులో ఒక స్కూటర్ అద్దం పగిలిన చప్పుడు వినబడింది. సైకిల్ అయితే చప్పుడు కూడా రాదు, మెత్తగా వంగిపోతుంది.

నాది అయితే పోతే పోయిందని లేచి ఇంటికి నడిచేవాణ్ణేమో, కొత్తపేట ఎంత దూరం గనక. నాది కాదు. బిక్షమయ్యది. నల్లరంగు, పాత ఇనుప ఫ్రేము, వెనక మడ్‌గార్డు మీద తెల్ల పెయింటుతో 'హయత్‌నగర్ డిపో' అని తన చేత్తోనే రాసుకున్నాడు, అక్షరాలు చివరికొచ్చేసరికి చోటు చాలక ఇరుక్కుపోయాయి. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాడు. మొన్నీమధ్య పోయాడు. పోయాడు అంటే ఏమిటో నాకింకా ఎక్కలేదు, దహనానికి ఎవర్నీ రానివ్వలేదు, నేను చూడలేదు, ఆయన సైకిల్ మాత్రం ఇదిగో నా మోకాలికి ఆనుకుని ఉంది. పొద్దున్న రమ్మంటే బస్సులో హయత్‌నగర్ వెళ్ళాను, ఆయన భార్య బాలలక్ష్మమ్మ దీన్ని వాకిట్లోకి తెచ్చి నిలబెట్టింది. కొంగుతో సీటు తుడిచింది. "ఇంట్ల ఉంటే సూడలేకపోతున్న సారూ. గోడకు ఆనిచ్చి ఉంటే మనిషి ఒచ్చిండనే అనిపిస్తది. అమ్మకుండ్రి, ఎవరికో ఇయ్యకుండ్రి. తొక్కేటోళ్ళ దగ్గర ఉండాలె, తుప్పు పట్టనీయకుండ్రి." పట్టనివ్వనమ్మా, అన్నాను. అంత తేలిగ్గా అన్నాను. మాట ఇచ్చి రెండు గంటలు కాలేదు, ఇదిగో కుప్ప పక్కన కూర్చున్నాను.

ఎక్కడ కూర్చున్నానో చూసుకుంటే నవ్వొస్తోంది. ఆదివారం తెల్లవారుజామున మేమంతా కలుసుకునే చోటు ఇదే. ఈ గట్టే. సరిగ్గా ఈ స్తంభం దగ్గరే రాఘవేంద్ర నిలబడి అందరికీ లెక్చరు ఇచ్చేవాడు. మా గుంపుకి అతనే కెప్టెన్. మందుల ఏజెన్సీ ఉంది, లక్ష దాటిన సైకిల్ ఉంది, మా అందరికీ టీషర్టులు కుట్టించిందీ అతనే, వీపు మీద ఏజెన్సీ పేరు పెద్దక్షరాలతో. ఇందాక దశరథ ఆ పేరు చదివి, "మందులోళ్ళా సారూ? అయితే పాసు ఉండాలె గదా," అని ఆశగా అడిగాడు. పేరు మోయడమే కానీ పాసు లేదు నాయనా. రాఘవేంద్ర పెట్టిన రూలు ఒకటే, ఒకరు ఆగితే అందరూ ఆగాలి. పంక్చరయినా, కాలు పట్టేసినా, చెయిన్ ఊడినా, ఒక్కడి కోసం పాతికమంది ఆగాలి. చివరివాడు వచ్చేదాకా టీ గ్లాసు ఎవడూ ముట్టకూడదు. ఆ రూలు చెప్పినప్పుడు అతని కళ్ళలో నీళ్ళు తిరిగేవి, నిజంగా తిరిగేవి. కానీ రూలు చెప్పడం వేరు, నడపడం వేరు. నడిపింది బిక్షమయ్య. ఎంత బలంగా తొక్కగలిగినా ముందుకు వెళ్ళేవాడు కాదు, అందరికన్నా వెనకే. ఎందుకండీ అంటే, "కండక్టరు ముంగట ఉంటడా సారూ? ఎవరు ఎక్కిండ్రో ఎవరు దిగిండ్రో ఎవరు సూడాలె?" అనేవాడు. ఎవరైనా ఆగితే చాలు, వెనకనుంచి గొంతు, "హోల్డాన్!" పాతిక సైకిళ్ళూ ఒక్కసారి ఆగేవి. అందరూ వచ్చారని కళ్ళారా చూసుకున్నాక, "రైట్ రైట్!" అప్పుడే కదిలేవాళ్ళం. వర్షంలో ఒకసారి, పెద్దఅంబర్‌పేట దాటాక, నా గేరు వైరు తెగితే నాకోసం అందరూ తడుస్తూ నిలబడ్డారు. నాకు సిగ్గేసింది, మీరు వెళ్ళండి అన్నాను. బిక్షమయ్య కోప్పడ్డాడు. "సగం మందిని దించేసి పోతదా బస్సు?"

ఇంకొకటి ఉండేది మా వాళ్ళలో, లగేజీ. సైకిల్ పాడైతే బాగుచేసుకోవాలి, చేతకాకపోతే నడిపించుకుంటూ రావాలి, అంతేగానీ ఆటోలో ఎక్కించుకొచ్చాడో వాడి పేరు నెలరోజులు లగేజీయే. ఫోన్‌లో కూడా లగేజీ అనే పిలిచేవాళ్ళు. బాంకు మేనేజర్లూ డాక్టర్లూ కూడా లగేజీలయ్యారు, పళ్ళికిలించి ఒప్పుకున్నారు. బిక్షమయ్యా నేనూ మాత్రం ఎప్పుడూ కాలేదు. అదొక పిచ్చి గర్వం మా ఇద్దరికీ. వయసు మళ్ళిన మగవాళ్ళకి ఇలాంటి గర్వాలు రెండు మూడు ఉంటాయి, బయటివాళ్ళకి చెబితే నవ్వుతారు. ఇంట్లో మా ఆవిడ ఉదయలక్ష్మి నవ్వింది కూడా. "ఆదివారం పూట నిద్ర చెడగొట్టుకుని హైవే మీద ఈ చిన్నపిల్లల ఆటలేమిటండీ మీకు?" వారమంతా ఆ ఏసీ గదిలో మార్కరు పట్టుకుని అరిచి అరిచి, ఆదివారం పొద్దున్న చింతలకుంట దాటి ఆకాశం ఒక్కసారి వెడల్పయ్యేసరికి, నా పేరు నాకు తిరిగొచ్చినట్టు ఉండేది. అది చెబితే అర్థమవుతుందా.

పోయినేడాది మొదటిసారి ఊరంతా మూసినప్పుడే తెలియాల్సింది మా గుంపు సంగతి. మందు షాపులు తెరిచారు, బిర్యానీ పార్సిళ్ళు తెరిచారు, గ్రౌండ్లకి మాత్రం తాళాలు. గాలికి తాళం వేశారురా నాయనా అని నేను ఇంట్లో అరిస్తే వినేవాడు లేడు. ఆన్‌లైన్ క్లాసులో నల్లటి గళ్ళకి లెక్కలు చెప్పడం, గళ్ళ వెనక పిల్లలు ఉన్నారో పడుకున్నారో దేవుడికెరుక, అది అయ్యాక బాల్కనీలో నిలబడి రైతుబజారు వెనకగోడ చూడటం. కాళ్ళు పీకేవి, వాడక పీకేవి. ఉన్నవాళ్ళు స్టాండ్లు కొన్నారు, సైకిల్‌ని బాల్కనీలో బిగించి చెమటలు కక్కుతూ తొక్కి వాట్సాప్ గ్రూపులో ఫొటోలు. ఇవాళ ముప్ఫై, ఇవాళ నలభై. ఎక్కడికెళ్ళావురా ముప్ఫై? అదే బాల్కనీ, అదే తులసికోట. బిక్షమయ్యకి ఫోన్‌చేస్తే పగలబడి నవ్వాడు. "ఊరు కదలకపోతే అది ఏం తొక్కుడు సారూ! డిపోల బస్సు స్టార్ట్ చేసి టికెట్లు కొట్టినట్టుంది." ఆయన తన వాకిట్లో సంపు చుట్టూ తొక్కేవాడట, ఇటు కాసేపు, తల తిరిగితే అటు కాసేపు. "మా ఆమె తిడుతుంది, గానుగ ఎద్దువా అని. గాలి తగులుతుంది సారూ, కొంచెమైనా తగులుతుంది. గేటు తెరిస్తే సాలు, నిన్ను నేరుగా చౌటుప్పల్ తీస్కపోత." గేటు తెరిచారు. ఒక చలికాలం తొక్కాం. చౌటుప్పల్ కూడా వెళ్ళాం, దారిపొడవునా కందిచేల మీదుగా చల్లగాలి, ఆయన వెనకనుంచి రైట్ రైట్ అని ఊరికే అరుస్తూ, ఎవరూ ఆగకపోయినా అరుస్తూ. ఎందుకండీ అంటే, "సంతోషం సారూ."

మళ్ళీ ఎండలొచ్చాయి, మళ్ళీ అదొచ్చింది, ఈసారి వరసగా ఇళ్ళలోకి నడిచొచ్చింది. నాకు వచ్చింది. పడగ్గదిలో నన్ను పెట్టి తలుపు మూశారు, ఉదయలక్ష్మి కంచం గడప దగ్గర పెట్టి దూరం జరిగేది. నా సైకిల్ మంచం పక్కనే ఉండేది, జ్వరంలో దాని హ్యాండిల్ పట్టుకుని పడుకునేవాణ్ణి. నాకు తగ్గుముఖం పట్టేసరికి బిక్షమయ్యకి ఎక్కువైంది. లేచి వెళ్ళడానికి లేదు, ఊపిరి తీస్తేనే దగ్గు. చేతిలో ఫోన్ ఒకటే. తెలిసినవాళ్ళందరికీ చేశాను, శిష్యుల్లో డాక్టర్లయిన వాళ్ళకి చేశాను, బెడ్ లేదు సార్, బెడ్ లేదు సార్. మా గ్రూపులో పెట్టాను, మన బిక్షమయ్యకి బెడ్ కావాలి, ఎవరికైనా తెలిస్తే చెప్పండి. రెండు చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. వరసగా. దణ్ణాలు! మనిషికి ఊపిరి అందడం లేదురా అంటే దణ్ణాలు పెడతారా! రాఘవేంద్రకి ఫోన్ చేస్తే, "సార్, నేను ట్రై చేస్తున్నా, ఇప్పుడే మాట్లాడతా," అన్నాడు, మందుల ఏజెన్సీ ఉన్నవాడు, ఊళ్ళో సగం ఆసుపత్రులకు సరుకు పంపేవాడు. ఆ సాయంత్రం బిక్షమయ్య గొంతు గ్రూపులోకి వచ్చింది. ఆటో చప్పుడు, బాలలక్ష్మమ్మ ఎవరితోనో అంటున్న మాటలు, వాటి మధ్య ఆయన, ఒక్కో మాటకీ ఆగుతూ. "సారూ... అందరికీ నమస్తే. మూడు దవాఖానలు తిరిగినం... ఆటోలనే. నేను గూడ... లగేజీ అయిన." నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. అక్కడితో ఆగిపోయింది. దాని కిందే, వెంటనే, రాఘవేంద్ర బాల్కనీ ఫొటో. ఇవాళ యాభై కిలోమీటర్లు, టీమ్, ఆగకండి. దానికి బొటనవేళ్ళు. ఇరవై రెండు బొటనవేళ్ళు. లెక్కలవాణ్ణి కదా, చూస్తూ కూర్చున్నాను, ఎవరెవరు ఎత్తారో పేరుపేరునా చూశాను. మర్నాడు దణ్ణాలు మళ్ళీ వచ్చాయి, ఈసారి పువ్వులతో.

"నీళ్ళు తాగుతరా సారూ?" దశరథ తన సీసా ఇవ్వబోయి, ఏదో గుర్తొచ్చి ఆగి, పక్కనున్న ప్యాకెట్ తీసి గట్టు మీద పెట్టాడు. తాగాను. మామిడిపళ్ళ వాన్ ఒకటి పాసు చూపించి పోయింది, పండు వాసన కాసేపు నిలబడింది. అంత్యక్రియలకని చెప్పి ఒక జంట వెళ్ళింది. ఒక కారులో కుక్క కిటికీలోంచి తల బయటపెట్టి గాలి పీల్చుకుంటూ వెళ్ళింది, దానికీ పాసు ఉంది. నేను మాత్రం ఎందుకు ఆలస్యమయ్యానో ఎవరికి చెప్పుకోను. హయత్‌నగర్లో బయల్దేరేటప్పుడు బాలలక్ష్మమ్మ తమ్ముడు ట్రాలీ ఆటో తెచ్చి పెట్టాడు, "ఏసుకొని పోండ్రి సారూ, పది లోపల ఇంట్ల ఉంటరు." నేను వద్దన్నాను. ఆ మనిషి సైకిల్‌ని ఆటోలోనా? ఆయన్ని ఎక్కించింది చాలదా? బాలలక్ష్మమ్మకి నా మొహంలో అర్థమైంది. "వద్దులేరా, తొక్కుకుంటనే పోనీ. ఆయనకు గూడ అదే మంచిగనిపిస్తది," అంది. తొక్కాను. సీటు నా ఎత్తుకి సరిపోదు, అయినా మార్చలేదు. వనస్థలిపురం దాటకుండానే వెనక చక్రం మెత్తబడింది. మేకు. అప్పుడైనా ఆటో ఆపి ఉంటే సరిపోయేది, ఖాళీ ట్రాలీలు రెండు ముక్కు ముందునుంచే పోయాయి, ఒకడు అడిగాడు కూడా. నేను తల అడ్డంగా ఊపి, మూసిన షాపు మెట్ల మీద కూర్చుని టైరు విప్పాను. సీటు కింద ఆయన సంచి ఉంది. పాత ట్యూబును గుండ్రంగా కత్తిరించి పెట్టుకున్న ముక్కలు, గరుకు కాయితం, గమ్ము. గమ్ము గట్టిపడిపోయింది. అంటించాను, ఊడింది. మళ్ళీ అంటించాను, బొటనవేలితో నొక్కిపట్టి కూర్చున్నాను, ఎంతసేపో తెలియదు, పక్కన ఆయన కూర్చుని, అట్ల కాదు సారూ, జర ఆరనియ్యి, అంటున్నట్టే ఉంది. ఆరనిచ్చాను. ఆరేసరికి పది దాటింది. ఇది చెబితే ఎస్సై నవ్వుతాడు, నవ్వాలి కూడా. నా పరువు కోసం కాదండీ ఆటో ఎక్కించనిది, చచ్చిపోయినవాడి పరువు కోసం, అంటే ఏ సెక్షన్ కిందికి వస్తుంది?

ఇక్కడ ఆపగానే గ్రూపులో పెట్టాను. ఎల్బీనగర్ ఫ్లైఓవర్ కింద ఆపేశారు, బిక్షమయ్య సైకిల్ నా దగ్గరుంది, పట్టుకెళ్ళేట్టున్నారు, పాసు ఉన్నవాళ్ళు ఎవరైనా వచ్చి ఒక మాట చెప్పండి. అందరూ చూశారు. నీలం గీతలు పడ్డాయి. ఒకడు, మెడిసిన్ కోసం అని చెప్పండి సార్, అన్నాడు. ఇంకొకడు నవ్వే బొమ్మ పెట్టి వెంటనే చెరిపేశాడు. రాఘవేంద్ర మాత్రం, దారిలోనే ఉన్నా, చూస్తా, అని రాశాడు. అప్పట్నుంచీ వాడొచ్చే నాగోలు వైపే చూస్తున్నాను. సిగ్గు లేకపోతే సరి, వాడి మీద అంత మంట పెట్టుకుని కూడా వాడి కారు కోసమే మెడ నిగిడ్చి చూస్తున్నాను. వస్తాడు, రూలు పెట్టినవాడు కదా, ఒక్కసారైనా ఆగుతాడు. మనిషికి ఆగకపోయినా సైకిల్‌కి ఆగుతాడు, సైకిళ్ళంటే ప్రాణం వాడికి. తెల్ల కారు. అద్దం మీద ఎర్రక్షరాల స్టిక్కరు. వచ్చింది. లేచి నిలబడ్డాను, మోకాలు పట్టేసింది. దశరథ పాసు చూస్తున్నాడు. నేను కారు దగ్గరికి కుంటుతూ వెళ్ళాను. అద్దం నాలుగు వేళ్ళంత దిగింది, లోపలి చల్లదనం మొహానికి తగిలింది.

"అయ్యో సార్, ఈ ఎండలో! ఇంకా పూర్తిగా కోలుకోలేదు కదా మీరు," అన్నాడు రెండు మాస్కుల వెనకనుంచి. ఎస్సైకి ఒక్క ఫోన్ చెయ్యి రాఘవేంద్రా, నీకు తెలుసు కదా, అన్నాను. "తెలుసు సార్, అందుకే చెబుతున్నా. ఇప్పుడు నేను కల్పించుకుంటే నా పాసు మీదకొస్తుంది. మీరు నడిచి వెళ్ళిపోండి, ఏమనరు. సైకిల్‌దేముంది సార్, పాత ఇనుముదే కదా." పాత ఇనుము. ఇది బిక్షమయ్యది, అన్నాను. "తెలుసు సార్. చాలా బాధేసింది. మంచి మనిషి. గ్రూప్ తరఫున ఏదైనా ప్లాన్ చేద్దాం, ఆయన పేరు మీద వర్చువల్ రైడ్ ఒకటి." అద్దం పైకి లేస్తోంది. అప్పుడు నా నోటినుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. చౌరస్తా అదిరేలా అరిచాను, "హోల్డాన్!" బారికేడ్ దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళు తిరిగి చూశారు, పాల వాన్ వాడు బ్రేకు కొట్టాడు. తెల్ల కారు మాత్రం నింపాదిగా, ఇండికేటర్ వేసి మరీ, సాగర్ రోడ్డు వైపు తిరిగింది. వింతేమిటంటే కోపం కూడా రాలేదు. ఇన్నేళ్ళూ మేమంతా ఆగింది రాఘవేంద్ర రూలుకి కాదు, వెనకనుంచి వచ్చే ఆ గొంతుకి. నా గొంతుకి ఎవడు ఆగుతాడు.

డీసీఎం వచ్చింది. ఎస్సై కూడా వచ్చాడు, రాత్రంతా నిద్రలేని కళ్ళు, సైకిల్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "మీరు ఇంటికి పోండి మాస్టారూ. ఇది వదిలేయండి, లాక్‌డౌన్ అయినంక వచ్చి తీస్కపోండి," అన్నాడు. కఠినంగా ఏం అనలేదు. నేను పోవచ్చు. నాకు నంబరు లేదు, నా మీద కేసు లేదు. బండ్లు ఎక్కిస్తున్నారు, ఒకదాని హ్యాండిల్ ఇంకోదాని చక్రంలోకి దూరింది, కింద ఏదో విరిగింది. బిక్షమయ్య సైకిల్ మీద ఇద్దరు చేతులు వేశారు. ఆగండి, అన్నాను, నేనూ ఎక్కుతాను. "ఏంది సారూ? దీంట్ల మనుషులను ఎక్కించం." ఎక్కించక్కర్లేదు, నేనే ఎక్కుతాను, దీన్ని పట్టుకుని నిలబడతాను, స్టేషన్లో ఒక గోడకి ఆనించి అప్పుడు నడిచి పోతాను. దశరథ ఎస్సై వైపు చూశాడు. ఎస్సై చేత్తో గాలిలో ఏదో విదిలించి, ఫోన్ ఎత్తి పక్కకి వెళ్ళాడు. దశరథ నా మోచెయ్యి పట్టి పైకి తోశాడు. బండ్ల మధ్య ఒక మూల నిలబడి సైకిల్‌ని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాను. వెనక చక్రం నొక్కి చూశాను, గాలి నిలిచింది, గమ్ము పట్టింది.

ఫోన్ మోగింది. బాలలక్ష్మమ్మ. "చేరిండ్రా సారూ? తొక్కుకుంటనే పోయిండ్రా?" చుట్టూ చూశాను, విరిగిన అద్దాలు, పెట్రోలు వాసన, నేను. తొక్కుకుంటూనే వచ్చానమ్మా, అన్నాను, ఇద్దరం చేరాం. "మంచిది," అంది, "మంచిది సారూ," అంది. దశరథ వెనక తలుపు మూసి గొళ్ళెం పెట్టాడు. డీసీఎం రేకు మీద అరచేత్తో రెండుసార్లు చరిచి, "రైట్ రైట్!" అని అరిచాడు. ఎవరు ఎక్కారో, ఎవరు మిగిలిపోయారో చూసే మనిషి లేకుండానే బండి కదిలింది.